కట్టేసిన పడవకు తెడ్డు వేసిన రోజులు

ఇరవై ఏళ్ళ పాటు నీళ్ళు లేని గోదావరిలో పడవ నడిపి నెలనెలా జీతం తీసుకున్నాను. ఈ మాట చెబితే మా చుట్టాల్లో సగం మంది ఇప్పటికీ నమ్మరు. కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఆఫీసులో, ఆ ఆటలు జనం చేతికి వెళ్ళే ముందు ఆడి చూసి, ఎక్కడ ఏం బాగోలేదో రాసిపెట్టడం నా పని. ఇప్పుడు దాన్ని గేమ్ టెస్టింగ్ అంటున్నారు, కోర్సులు కూడా పెట్టారు. మేం రాజమండ్రిలో మొదలుపెట్టిన రోజుల్లో ఆ పనికి పేరే లేదు. మా యజమాని రాజు గారు "లక్ష్మి గారి సీటు" అనేవారు, అంతే.

ఈ మధ్య ఆ కోర్సు చదువుతున్న అమ్మాయిలిద్దరు మా ఇంటికొచ్చి, "ఆంటీ, ఈ ఉద్యోగానికి ముఖ్యంగా ఏం తెలియాలి?" అని అడిగారు. వాళ్ళు కాఫీ తాగేలోపు చెప్పగలిగింది చెప్పాను. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కుర్చీలోంచి ఏ కుర్చీలోకి మారాను, ఇవేవీ రాయను. అవి నాకే సరిగా గుర్తు లేవు. మా మొదటి ఆట మాత్రం నిన్న జరిగినట్టుంది. అందులో నేను చేసిన తప్పు, దానివల్ల ఆఫీసు మూతపడబోవడం, ఆ సమయానికి భగవంతుడు ఏ మనిషి చేత ఏ మాట పలికించాడో, అదే నేను నేర్చుకున్న విద్య.

ఏం వచ్చండి మీకు?

మాది గోదావరి మధ్యలో ఒక లంక ఊరు. బడికి వెళ్ళాలంటే పడవ దాటాలి. నాకేమో ఉబ్బసం, ఏటి గాలి పడేది కాదు. అందుకని అమ్మా నాన్నా ఇంట్లోనే చదువు చెప్పారు. నాన్న దస్తావేజులు రాసేవారు. ఆయన దగ్గర లెక్కలు, కాస్త ఇంగ్లీషు, పాత టైపు మిషను మీద టైపు వచ్చాయి. అమ్మ దగ్గర తెలుగు, పద్యాలు, రామకోటి. శ్రీరామ నామం కోటిసార్లు పూర్తవ్వాలని మొక్కుకుని, రోజూ కొన్ని పేజీలు రాసుకుంటూ పోతాం కదా, అదే. పెళ్ళయి రాజమండ్రి వచ్చాను. ముప్పై ఆరేళ్ళ వయసు వచ్చేదాకా ఉద్యోగం అన్న ఆలోచనే లేదు.

పుష్కరాలకి ఏడాది ముందు సంగతి. మాకు రెండు వీధుల అవతల బట్టల కొట్టు మేడ మీద కంప్యూటర్ ఆఫీసు పెట్టారనీ, టైపు వచ్చినవాళ్ళు కావాలని బోర్డు కట్టారనీ మా ఆయన చెప్పారు. అంతకు ముందు నాలుగుచోట్ల అడిగాను. నాలుగుచోట్లా సర్టిఫికెట్ లేదని పంపేశారు. ఇది ఐదోది. రాజు గారు భీమవరం వైపు మనిషి. చేపల చెరువులు తమ్ముడికి అప్పజెప్పి కంప్యూటర్లలోకి దిగారు.

"సర్టిఫికెట్లు తెచ్చేరా అండీ?" అన్నారు.

"లేవండి. నేను బడికి వెళ్ళలేదు."

"టెన్తు కూడా లేదా?"

"ఒకటో తరగతి కూడా లేదండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "మరి ఏం వచ్చండి మీకు?"

నాకు తోచింది చెప్పాను. "ఒకే పని విసుగు లేకుండా వెయ్యిసార్లు చెయ్యడం వచ్చండి."

ఆయన పెద్దగా నవ్వారు. "రేపట్నుంచి వచ్చెయ్యండి. మా కుర్రాళ్ళకి రానిది అదొక్కటే."

సర్టిఫికెట్ అడిగి కూడా, లేదంటే పొమ్మనని ఆఫీసు ఊళ్ళో అదొక్కటే. అది పోతే నాకు మరొకటి లేదు. తర్వాత జరిగినదంతా ఈ సంగతి మనసులో పెట్టుకుని చదవండి.

పోలయ్య

రోల్ ప్లేయింగ్ ఆటలంటారు. ఆడేవాళ్ళు ఆ ఆటలో ఒక మనిషి వేషం కట్టి, వాడి బతుకు బతకాలి. చాలా ఆటల్లో శత్రువుని కొడితే పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్లతో ఏ విద్య కావాలంటే ఆ విద్య పెంచుకోవచ్చు. అంటే తోడేలుని చంపి వంట నేర్చుకోవచ్చన్నమాట! మా ఆటలో అలా కుదరదు. ఏ పని చేస్తే ఆ పనే వస్తుంది. తెడ్డు వేసేకొద్దీ తెడ్డు, కర్రసాము చేసేకొద్దీ కర్రసాము, వండేకొద్దీ వంట. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మా ఇంట్లో నేను చదువుకున్నది సరిగ్గా అలాగే.

ఆట బెంగళూరు కంపెనీది, చేసేది మేము. అందులో కథానాయకుడు పోలయ్య అనే పడవవాడు. ఆ పేరు పెట్టింది శ్రీను. కాకినాడలో ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు, ప్రోగ్రామంతా అతనే రాసేవాడు, నన్ను అక్కా అనేవాడు. ఎన్ని తెడ్లు వేస్తే పోలయ్య విద్య ఒక మెట్టు పెరగాలి అన్నది తేల్చే పని నాకిచ్చారు. స్పేస్‌బార్ అనే పొడుగు మీట నొక్కితే ఒక తెడ్డు పడుతుంది. నేను నోటుబుక్కులో గీతలు గీసుకుంటూ, నొక్కుతూ, మొదట్లో ఇన్నింటికి ఒక మెట్టు, పోనుపోను ఇంకాస్త ఎక్కువ అని పట్టిక వేశాను. ఎంత ముచ్చటగా ఉందో అనుకున్నాను ఆ పట్టిక చూసుకుని.

తర్వాత రాజు గారు బయటివాళ్ళని పిలిచి ఆడించారు. వాళ్ళలో సత్తిబాబు ఒకడు. మండపేట రైసు మిల్లుల నుంచి లారీ తోలేవాడు. యాభై ఏళ్ళుంటాయి. పక్కనున్న బియ్యం కొట్టుకి వచ్చి, లోడు దింపడం ఆలస్యమవుతుంటే పైకొచ్చి కూచున్నాడు. అంతకు ముందు కంప్యూటర్ ముట్టుకోలేదు.

నా బల్ల మీద అన్నవరం సత్యనారాయణ స్వామి చిన్న ఫోటో, దాని ముందు అమ్మ ఇచ్చిన ఇత్తడి కుంకుమ భరిణ ఉండేవి. బరువైన భరిణ. ఆ మధ్యాహ్నం నేను భోజనం చేసి వచ్చేసరికి సత్తిబాబు సీట్లో లేడు. తెర మీద పోలయ్య మాత్రం ఆగకుండా తెడ్డు వేస్తున్నాడు. స్పేస్‌బార్ మీద నా భరిణ ఉంది.

కాసేపటికి మెట్ల మీంచి మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏంటండీ సత్తిబాబు గారూ ఇది?"

"టీకెళ్ళేనండి."

"మీరు టీకెళ్తే ఇక్కడ తెడ్డెవరు వేస్తున్నారండీ?"

"సామి ఏత్తన్నాడండి" అని ఫోటోకి దండం పెట్టాడు. "నేను ఊరికే బరువెట్టేనండి అమ్మగారూ. మిగతాదంతా ఆయన దయేనండి."

శ్రీను కుర్చీలోంచి పడబోయాడు నవ్వలేక. తర్వాత తెర దగ్గరికి వంగి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"అక్కా, తాడు విప్పలేదు. పడవ గుంజకి కట్టేసే ఉంది. అంగుళం కూడా కదల్లేదు. అయినా చూడు, విద్య చివరి మెట్టెక్కేసింది. మన ఏటి మొత్తం మీద ఈయనే పెద్ద సరంగు."

"ఆయ్, మరేనండి" అన్నాడు సత్తిబాబు, ఇంకొంచెం నిటారుగా నిలబడి.

తప్పు నాదే

అదే వారం బెంగళూరు నుంచి కబురొచ్చింది. అక్కడ ఆడి చూసినవాళ్ళూ ఇదే కనిపెట్టారు. తెలివైనవాళ్ళు కట్టేసిన పడవలో విద్య పెంచుకుంటున్నారు, నిజాయితీగా ఆడేవాళ్ళు విసుగొచ్చి గంటలో లేచిపోతున్నారు. నెల రోజుల్లో ఇది బాగుపడకపోతే పనంతా బెంగళూరుకి తీసుకుపోతారు. శ్రీనుకి అక్కడ సీటిస్తారు. రాజమండ్రి ఆఫీసు ఎత్తేస్తారు. రాజు గారు అందరికీ వినిపించేలా చదివి, కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

నేను లేచి ఆయన గదిలోకి వెళ్ళాను. "తప్పు నాదండి. తెడ్లు లెక్కపెట్టేను గానీ పడవ కదిలిందా అని చూడలేదు."

"మీదేనండి" అన్నారు ఆయన. "దిద్దేది కూడా మీరే. ముందు ఆ ఏడుపు మొహం తీసెయ్యండి, స్వామి ఫోటో ముందు బాగోదు."

ఎంతోమంది అధికారుల్ని చూశాను తర్వాత. తప్పు నీది కాదులే అని ఊరడించేవాళ్ళూ, ఏడాది పాటు ఆ తప్పే ఎత్తిపొడిచేవాళ్ళూ ఎక్కువ. తప్పు నీదే అని చెప్పి, ఆ పనే మళ్ళీ చేతిలో పెట్టేవాళ్ళు తక్కువ. అలాంటివారు దొరికితే ఆ ఉద్యోగం వదలకండి.

కార్బన్ పేపరు

మర్నాడు పొద్దున్న దీపం పెడుతుంటే నాకు పదకొండేళ్ళప్పటి సంగతి గుర్తొచ్చింది.

ఆ ఏడు శ్రీరామనవమి లోపల ఒక రామకోటి పుస్తకం నింపుతానని మొక్కుకున్నాను. రోజులు దగ్గర పడ్డాయి, పుస్తకం సగం కూడా నిండలేదు. నాన్న బల్ల మీద కార్బన్ పేపర్లున్నాయి. పేజీకీ పేజీకీ మధ్య ఒకటి పెట్టి రాశాను. ఒకసారి రాస్తే రెండు పేజీలు. ఎవరూ చెప్పకుండా నాకే తట్టినందుకు గర్వపడ్డాను కూడా.

అమ్మ పుస్తకం తిరగేస్తూ నీలంగా అలుక్కుపోయిన పేజీ దగ్గర ఆగింది. "ఇది ఎవరు రాశారే?" అంది.

అబద్ధం నోరు దాటలేదు. "కార్బన్ రాసిందమ్మా."

"అలాగా. అయితే ఈ పుణ్యం దానిది. పాపం, దానికి అడ్డు పడకు, మోక్షం రానీ."

నాన్న పక్కగదిలోంచి నవ్వడం వినబడింది. నేను ఏడవబోయి నవ్వేశాను. అమ్మ కొట్టలేదు, రాసింది కొట్టెయ్యలేదు. నా చెయ్యి పట్టుకుని, "నీ చేతికి ఈ రాత వచ్చేసింది, అందుకే పరుగెడుతున్నావు. రేపట్నుంచి ప్రతి పేరూ పైకి అంటూ రాయి. అప్పుడు తొందరపడలేవు" అంది. నవమికి పుస్తకం పూర్తి కాలేదు. రాముడికి ఆ సంగతి అమ్మే చెప్పుకుంది.

కుంకుమ చేతికంటుకుని ఉండగానే నాకు అర్థమైంది. నా పట్టిక కార్బన్ పేపరుకి కూడా పుణ్యం ఇస్తోంది.

శ్రీను వేసిన శిక్ష

ఆఫీసుకెళ్ళి చెప్పాను. శ్రీనుకి వెంటనే ఒక ఉపాయం తోచింది. "సింపుల్ అక్కా. పడవ కదలకుండా తెడ్డేస్తే విద్య తగ్గించేద్దాం. ఒకే రేవులో పదేపదే తిరిగితే పడవ తిరగబడాలి. తిక్క కుదుర్తుంది."

నాకు లోపల ఏదో కుదరలేదు. అమ్మ అలా చెయ్యలేదు కదా అనిపించింది. కానీ రోజులు తక్కువ, అతను చదువుకున్నవాడు, సరే అన్నాను. ఇది నా రెండో తప్పు. తెలిసి కూడా నోరు మూసుకోవడం తెలియకపోవడం కన్నా ఎక్కువ నష్టం చేస్తుందని అప్పుడే నేర్చుకున్నాను.

వారం తర్వాత సత్తిబాబు మళ్ళీ వచ్చాడు. ఈసారి భరిణ జోలికి పోలేదు. బుద్ధిగా తాడు విప్పి, దగ్గరి రేవులోనే అటూ ఇటూ నేర్చుకుంటున్నాడు. పడవ తిరగబడింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ తిరగబడింది. మూడోసారి తిరగబడగానే లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"ఉంటానండి అమ్మగారూ."

"అదేంటండీ, ఇంకా ఏమీ ఆడలేదుగా?"

"ఇది మా జగ్గయ్యలాగుందండి."

"జగ్గయ్య ఎవరండీ?"

"నేను క్లీనరుగా చేరిన మొదటి లారీ డ్రైవరండి. గేరు తప్పేత్తే నెత్తి మీద మొట్టేవోడు. బాగా తోల్తే, తోలిన రోడ్డే మళ్ళీ తోల్తావేంట్రా అని మొట్టేవోడు. రెండు నెలలున్నానండి. పారిపోయేను."

శ్రీను తలొంచుకుని కీబోర్డు తుడవడం మొదలుపెట్టాడు.

"మరి లారీ ఎలా నేర్చుకున్నారండీ?" అన్నాను.

ఆయన మొహం మారిపోయింది. వెళ్ళబోయినవాడు మళ్ళీ కూచున్నాడు. "సూరన్న గారని ఇంకో డ్రైవరండి. ఆయన మొట్టలేదండి. నాలుగు నెలలు మండపేట, రాజమండ్రి, మండపేట, రాజమండ్రి. ఎన్ని తప్పులేసినా 'ఊఁ, ఇదోటి తెలిసింది' అనేవోరు. ఓ రోజు పొద్దున్నే బండి తుడుత్తంటే వచ్చి, 'ఒరే సత్తీ, ఈ రోడ్డు నీకొచ్చేసిందిరా, పద, మారేడుమిల్లి ఘాటీ రోడ్డుకెళ్దాం' అన్నారండి." భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆ మాటకి నాకు కడుపు నిండిపోయిందండి. ఘాటీలో ఎక్కించలేక బండి రెండుసార్లు ఆపేసేననుకోండి, అది వేరే సంగతి."

నేను ఆ మాటలు అలాగే నోటుబుక్కులో రాసుకున్నాను. అమ్మ చెప్పింది కూడా అదే. నీకు వచ్చేసింది, ఇంకొంచెం కష్టమైనది తీసుకో. ఒకరు లంక ఊళ్ళో పూజగది ముందు, ఒకరు మండపేట లారీ పక్కన. ఇద్దరూ ఒకరినొకరు చూడలేదు.

ఇదోటి తెలిసింది

ఆ రోజు నుంచి పనంతా పండగలా సాగింది. శిక్షలన్నీ శ్రీను తన చేత్తోనే తీసేశాడు. పడవ కదిలితేనే తెడ్డు లెక్కకొస్తుంది. ఇసుక దిబ్బకి గుద్దుకున్నా విద్య కాస్త పెరుగుతుంది, ఎందుకంటే ఆ దిబ్బ ఎక్కడుందో పోలయ్యకి తెలిసింది కనుక. అదే దిబ్బకి పదోసారి గుద్దుకుంటే ఏమీ రాదు. ఇక ఒక రేవు పూర్తిగా చేతికొచ్చాక గానీ, తాడు విప్పకుండానే తెడ్డేస్తున్నప్పుడు గానీ, పోలయ్య తెడ్డు ఒళ్ళో పెట్టుకుని చెమట తుడుచుకుంటాడు. ఆడేవాళ్ళ వైపు తిరిగి, "ఈ రేవు నాకొచ్చేసిందండి. కొత్త నీళ్ళకి తీసుకెళ్ళండి" అంటాడు.

రాజు గారికి ఇది నచ్చలేదు. "ఆడుతున్నోణ్ణి పట్టుకుని మన హీరోయే పొమ్మంటాడేంటండీ?"

"పొమ్మనడం లేదండి. రమ్మంటున్నాడు."

ఆయన తెర మీద పోలయ్యని చూసి తలూపారు. "సరే కానివ్వండి. మీ స్వామి మీద భారం."

రెండు వారాలు నేను తెడ్డు వేస్తూనే ఉన్నాను. కరెంటు పోతే యూపీఎస్ కూత పెట్టేది. అది ఆగిపోయేలోపు గీతలు పూర్తిచేసుకుని, కరెంటు వచ్చాక మళ్ళీ మొదలు. ఒక తప్పుకి ఎంతివ్వాలి, ఎన్నో తప్పు దగ్గర ఆపాలి, పోలయ్య ఎప్పుడు నోరు విప్పాలి? తొందరగా అంటే నస, ఆలస్యంగా అంటే విసుగు. ఇవి ఏ పుస్తకంలోనూ దొరకవు. కూరలో ఉప్పు చూసినట్టు నాలిక మీద వేసుకుని చూడాల్సిందే. నోటుబుక్కులు మూడు నిండాయి. ఒక్క పేజీలో కూడా కార్బన్ లేదు.

బెంగళూరు నుంచి వచ్చినావిడ

చివరి వారంలో కంపెనీ తరఫున శారద గారని ఒకావిడ స్వయంగా ఆడి తేల్చడానికి వచ్చారు. తెలుగు వచ్చినావిడే. తక్కువ మాటలు. పొద్దున్న దిగి, మధ్యాహ్నం రైలుకి వెళ్ళిపోవాలి. ఆవిడ రైలెక్కేలోపు మా ఆఫీసు ఉంటుందో పోతుందో తెలిసిపోతుంది.

గంటసేపు ఆడారు. నేను పక్కన నిలబడి మనసులో సత్యనారాయణ స్వామికి వ్రతం మొక్కాను. తర్వాత ఆవిడ నా బల్ల వైపు చూశారు.

"మీ రిపోర్టులో రాసిన భరిణ ఇదేనా అండీ?"

"ఇదేనండి."

ఆవిడ పోలయ్యని రేవుకి తెచ్చి, పడవని గుంజకి కట్టేసి, భరిణ తీసి స్పేస్‌బార్ మీద పెట్టారు. టీ గ్లాసు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. రాజు గారు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. శ్రీను గోళ్ళు కొరుకుతున్నాడు. పోలయ్య తెడ్డు వేస్తున్నాడు, వేస్తున్నాడు. కట్టేసిన పడవ, కదలని నీళ్ళు. ఇంతమంది అన్నం ఆ నాలుగంగుళాల బొమ్మ నోట్లో ఉంది.

తెడ్డు ఆగింది. చెమట తుడుచుకున్నాడు. "ఈ రేవు నాకొచ్చేసిందండి. కొత్త నీళ్ళకి తీసుకెళ్ళండి."

శారద గారు కిటికీ దగ్గర్నించి గిరుక్కున తిరిగారు. అప్పటిదాకా నవ్వని మనిషి, టీ ఒలికేలా నవ్వారు. "ఎవరండీ ఈ మాట రాసింది?"

"మండపేట లారీ డ్రైవరండి" అన్నాను. "ఆయనకి వాళ్ళ గురువు గారు చెప్పారు."

ఆవిడ వచ్చి కూచుని, భరిణ తీసి స్వామి ముందు పెట్టి, తాడు విప్పారు. కొత్త నీళ్ళలోకి వెళ్ళారు. దిబ్బకి గుద్దుకున్నారు. "ఓహో" అన్నారు. మళ్ళీ గుద్దుకున్నారు. టీ చల్లారిపోయింది.

"మేడమ్ గారూ, రైలు టైమవుతోందండి" అన్నారు రాజు గారు.

"ఈ దిబ్బ ఒక్కటీ దాటి వచ్చేస్తానండి."

పది నిమిషాలాగి ఆయన మళ్ళీ గుర్తుచేశారు. "దాటేస్తున్నానండి, చూడండి" అన్నారు ఆవిడ, తల తిప్పకుండా. మూడోసారి రాజు గారు నోరు తెరవబోతే శ్రీను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

రైలు వెళ్ళిపోయింది. మా ఆఫీసు ఉండిపోయింది.

ఆ ఆదివారం అన్నవరం వెళ్ళాం. అందరం మండపేట నుంచి ఖాళీగా వస్తున్న సత్తిబాబు లారీలోనే. రత్నగిరి ఎక్కే మలుపులో ఆయన బండి ఒకసారి ఆగిపోయింది. వెనక నుంచి శ్రీను గట్టిగా అరిచాడు, "ఊఁ, ఇదోటి తెలిసిందండి!"

చివరిగా

ఆ అమ్మాయిలిద్దరూ కాఫీ తాగుతూ, కిటికీ దగ్గర బల్ల మీదున్న నా రామకోటి పుస్తకం చూశారు. దాని సంగతి కూడా చెప్పాలి. రిటైరయ్యాక మళ్ళీ మొదలుపెట్టాను. కొన్నాళ్ళకి చూస్తే, నేను మధ్యాహ్నానికి ఏం కూర చెయ్యాలా అని ఆలోచిస్తుండగానే కుడిచెయ్యి తనపాటికి తను పేజీ నింపేస్తోంది. తాడు విప్పలేదని తెలిసిపోయింది. ఆ రేవు నాకొచ్చేసింది. స్వామికి దండం పెట్టుకుని కలం ఎడమచేతిలోకి మార్చుకున్నాను. రోజుకి పేజీ నిండడం కష్టంగా ఉంది. ఒక పేరు పైకి పోతుంది, ఒకటి కిందికి జారుతుంది. 'శ్రీ' మెలిక తిరగడానికి నాలుగు రోజులు పట్టింది. తిరిగిన రోజున ఇంట్లో పాయసం చేశాను.

ఆ అమ్మాయిల్లో చిన్నది పేజీ తిప్పి, వంకర అక్షరాల దగ్గర ఆగింది.

"ఆంటీ, ఇది ఎవరు రాశారు?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పే అదృష్టం రెండోసారి ఇచ్చిన భగవంతుడికి నమస్కారం.

"నేనేనమ్మా," అన్నాను. "ప్రతి అక్షరం నేనే."